తుపాకీ లాక్కున్న కథ

మొన్న శాలిబండలో మా కుట్టు కేంద్రం పిల్లలు మెషిన్లు ఆపి ఒక ఆట మొదలుపెట్టారు. సినిమాల గురించి తమాషా విశేషాలు అడగడం, జవాబు చెప్పడం. ఆ రోజు వంతు ‘లీథల్ వెపన్’ది. 1987లో వచ్చిన అమెరికా సినిమా. ఇద్దరు పోలీసులు. ఒకడు భార్య పోయి చావుకు తెగించినవాడు. ఇంకొకడు పెళ్ళాం పిల్లలున్న నెమ్మదస్తుడు. మొదట ఒకరంటే ఒకరికి పడదు, చివరికి ప్రాణస్నేహితులవుతారు. తర్వాత వచ్చిన జంట పోలీసుల సినిమాలు ఎన్నో ఇదే అచ్చులో పోసినవే.

విశేషాలు సరదాగానే ఉన్నాయి. యాభయ్యో పుట్టినరోజు చేసుకునే పోలీసుగా వేసిన డానీ గ్లోవర్‌కి అప్పటికి నలభై ఏళ్లే. కథ రాసిన షేన్ బ్లాక్ పాతికేళ్లు నిండని కుర్రవాడు. సినిమా మొదట్లోనే ఒక అమ్మాయి ఎత్తైన భవనం మీంచి పడి చనిపోతుంది. ఆ పాత్ర వేసిన నటి డూపు లేకుండా, శిక్షణ తీసుకుని, గాలిసంచి మీదకి తానే దూకింది. స్టంట్ నిపుణుడు డార్ రాబిన్సన్ విడుదలకు ముందే వేరే చిత్రీకరణలో ప్రమాదానికి బలయ్యాడు. సినిమాని అతనికే అంకితమిచ్చారు.

నేనూ నవ్వుతూ విన్నాను. తర్వాత ఒక్క ప్రశ్న అడిగాను. ఆ పడిపోయిన అమ్మాయి పాత్ర పేరేమిటి? ఎవరూ చెప్పలేకపోయారు. ఆమె పేరు అమాండా. ఈ కథలో ఆడవాళ్ల లెక్క చూడండి. ఒకామె పడి చస్తుంది. హీరో భార్య ముందే చచ్చిపోయి ఉంటుంది. రెండో పోలీసు కూతుర్ని ఎత్తుకుపోతారు. ఆడదానికి ఏదో ఒకటి జరిగితేనే పోలీసుకి చట్టం దాటే లైసెన్సు దొరుకుతుంది.

ముగింపు ఇంకా చూడాలి. విలన్ దొరికాడు, చుట్టూ పోలీసులున్నారు. బేడీలు వేసి తీసుకుపోరు. హీరో వాడితో కుస్తీ పడతాడు, తక్కిన పోలీసులు చూస్తూ నిలబడతారు. ఓడిన విలన్ ఒక పోలీసు తుపాకీ లాక్కుంటాడు. హీరోలిద్దరూ ఒకేసారి కాల్చేస్తారు. హాలు నిండా ఈలలు.

తుపాకీ లాక్కున్నాడు, కాల్చక తప్పలేదు. ఈ మాట మనం ఎక్కడ విన్నాం?

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో విన్నాం. పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య కేసులో నిందితులైన నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. మా ఆయుధాలు లాక్కున్నారు అన్నారు. జనం పూలు చల్లారు, ఆడవాళ్లు రాఖీలు కట్టారు. ఆ రోజే హైకోర్టును ఆశ్రయించి విచారణ కోరినవాళ్లలో స్త్రీల హక్కుల కోసం ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లకి దక్కింది తిట్లు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మేలో బయటికొచ్చింది. ఆయుధాలు లాక్కున్న కథ నమ్మదగింది కాదని, చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలని అది చెప్పింది. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. ఈ సంగతి విన్నాక ఆ పూలు చల్లినవాళ్లలో ఎంతమంది తలదించుకున్నారు?

సినిమా చూసి పోలీసులు కాల్చారని నేననడం లేదు. కాల్చినప్పుడు మనం చప్పట్లు కొట్టడానికి మాత్రం సినిమా మన చేతుల్ని ఏళ్ల తరబడి తయారుచేసింది. మనకి హాలీవుడ్డే అక్కర్లేదు. 1989లో వచ్చిన ‘అంకుశం’లో రాజశేఖర్ విలన్‌ని చార్మినార్ వీధుల్లో ఈడ్చుకెళ్తుంటే రాష్ట్రమంతా ఊగిపోయింది. ఆ సినిమా విశేషం కూడా అందరికీ తెలుసు, హీరో గొంతు సాయికుమార్‌ది. ఆ వీధుల్లో కాపురం ఉండేవాళ్ల గొంతు మాత్రం ఎవరూ వినలేదు. కార్డన్ సెర్చ్ అని గల్లీ చుట్టుముట్టి తలుపులు బాదితే, పసిపిల్లల్ని ఎత్తుకుని వాకిట్లో నిలబడేది ఇక్కడి ఆడవాళ్లే. తెర మీద పోలీసు చట్టం దాటితే వీరుడు. మన గుమ్మం దాటితే?

అదెలా ఉంటుందో ఈ నగరానికి తెలుసు. 1978 మార్చిలో రమీజాబీ, రిక్షా తొక్కే ఆమె భర్త రాత్రి సినిమా చూసి ఇంటికి నడిచి వస్తున్నారు. మూసీ అవతల నల్లకుంట పోలీసులు పట్టుకున్నారు. ఆమెపై అత్యాచారం జరిగింది, భర్త దెబ్బలకు చనిపోయాడు. నగరం అట్టుడికింది, కాల్పులు జరిగాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులదే నేరమని తేల్చింది. ఆ విచారణలోనే ఆమెని చెడిపోయినదని నిరూపించడానికి పోలీసుల పక్షం చేయని ప్రయత్నం లేదు. కేసు రాయచూరుకి మారింది, 1981లో నిందితులు విడుదలయ్యారు. ఇక్కడ రమీజాబీ, అక్కడ మహారాష్ట్రలో మథుర. వీళ్ల కోసం వీధికెక్కిన స్త్రీల పోరాటం వల్లనే 1983లో కస్టడీ అత్యాచారం చట్టంలో వేరే నేరంగా చేరింది. ఆ పోరాటం పోలీసుకి కళ్లెం వేయమని అడిగింది. ఇవాళ మన పేరు చెప్పి ఆ కళ్లెం తెంపుతుంటే మనం పూలు చల్లాలా?

కోర్టుల్లో ఏళ్లు గడుస్తున్నాయి, ఆడపిల్లకి న్యాయమేదీ అని మీరడుగుతారు. నేనూ అడుగుతాను. ఫిర్యాదు తీసుకోని స్టేషన్‌ని అడగాలి, సాక్ష్యం సేకరించని దర్యాప్తుని అడగాలి. నిందితుణ్ణి చంపేస్తే ఈ ప్రశ్నలు కూడా వాడితోనే చస్తాయి. పోలీసు చేతగానితనం పూలకింద దాగిపోతుంది. కాల్చే తుపాకీకి ఎవడు పేదవాడో, ఎవడికి అండ లేదో బాగా తెలుసు. పలుకుబడి ఉన్నవాడెవడూ తెల్లవారుజామున తుపాకీ లాక్కోడు.

అందుకే ఆ రోజు పిల్లల ఆటలోకి నా ప్రశ్నలు కొన్ని చేర్చాను. సూర్యాస్తమయం తర్వాత స్త్రీని అరెస్టు చేయవచ్చా? అసాధారణ పరిస్థితుల్లో తప్ప కూడదు. అప్పుడు కూడా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతితో, మహిళా అధికారే చేయాలి. సాక్షిగా విచారించాలంటే స్త్రీని స్టేషన్‌కి రమ్మని బలవంతపెట్టవచ్చా? కూడదు, ఆమె ఉండే చోటికే రావాలి. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు ఎప్పుడు చెప్పింది? 2020 డిసెంబర్‌లో. ఒక్కదానికీ జవాబు రాలేదు. డార్ రాబిన్సన్ పేరు మాత్రం నోటికొచ్చు.

తప్పు పిల్లలది కాదు, మనది. మన ప్రతి కేంద్రంలో, ప్రతి మీటింగులో ఈ ఆట ఆడిద్దాం. సినిమా చూడొద్దని ఎవరికీ చెప్పక్కర్లేదు. తుపాకీ లాక్కున్నాడు అనే మాట మళ్లీ వినబడ్డప్పుడు చప్పట్లు కొట్టకుండా, ఎవరు చూశారు అని అడగడం నేర్పితే చాలు.