ఊబకాయంపై ప్రచారం సరే, పరిశోధకులు ఏరి?

ఊబకాయం మీద మెయిన్స్‌లో ప్రశ్న వస్తే మీరేం రాస్తారు? మనలో చాలామంది జవాబు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 అంకెలు, జంక్ ఫుడ్, వ్యాయామం లేకపోవడం, ఫిట్ ఇండియా, ఈట్ రైట్ ఇండియా, చివర్లో 'ప్రజల్లో అవగాహన పెంచాలి'. నేనూ ఇన్నాళ్లూ అదే రాశాను. అందులో తప్పేమీ లేదు. కానీ ఈ సమస్యను మన మనుషుల మీద పరిశోధించేది ఎవరు, వాళ్లకు శిక్షణ ఎక్కడ దొరుకుతుంది అన్న మాట ఆ జవాబులో ఎక్కడా రాదు. నా దృష్టిలో అసలు లోటు అదే.

ముందు అంకెలు చూద్దాం. 15-49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు 2015-16లో 20.6 శాతం. 2019-21 నాటికి 24 శాతం. పురుషుల్లో 18.9 నుంచి 22.9కి పెరిగింది. ఆంధ్రప్రదేశ్ మహిళల్లో ఇది 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. అదే సర్వే ప్రకారం దేశంలో 18.7 శాతం మహిళలు ఉండాల్సిన దానికంటే తక్కువ బరువున్నారు. మనం పుస్తకాల్లో చదివే 'ద్వంద్వ భారం' ఇదే.

ఈ అంకెల్లో కనిపించని సమస్య ఇంకొకటి ఉంది. అవి ఈటింగ్ డిజార్డర్స్, అంటే తిండితో ముడిపడిన మానసిక రుగ్మతలు. తిండి మానేసి ప్రమాదకరంగా చిక్కిపోయే అనోరెక్సియా, అతిగా తిని వాంతి చేసుకునే బులీమియా, ఆకలి లేకపోయినా ఆపుకోలేక తినేసే బింజ్ ఈటింగ్. ఈ చివరిదానికి 2013లో డీఎస్‌ఎం-5లో విడి రుగ్మతగా గుర్తింపు వచ్చింది. 2022లో అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లోనూ చోటు దక్కింది. బింజ్ ఈటింగ్ ఉన్నవారిలో చాలామందికి ఊబకాయం కూడా ఉంటుంది. అలాంటి మనిషికి 'తక్కువ తిను, ఎక్కువ నడువు' అని చెప్పి పంపేస్తే సరిపోదు. కడుపు మాడ్చుకునే డైటింగ్ వల్ల అతిగా తినడం ఇంకా పెరగొచ్చు. బరువు చూసే డాక్టరు ఒకరు, మనసు చూసే డాక్టరు మరొకరు. రెండూ కలిపి చూడగలిగేలా ఎవరినైనా తయారు చేస్తున్నామా?

'ఇవి పాశ్చాత్య దేశాల జబ్బులు, మనకెందుకు' అనే వాదన మీరు వినే ఉంటారు. హాంకాంగ్ అనుభవం దీనికి జవాబు. అనోరెక్సియా అంటే లావైపోతామన్న భయం ఉండి తీరాలని పాఠ్యపుస్తకాలు చెప్పేవి. 1990ల్లో అక్కడి మానసిక వైద్యుడు సింగ్ లీ, ఆ భయం లేకుండానే తిండి మానేసిన రోగులు చాలామంది ఉన్నారని చూపించారు. కడుపు ఉబ్బరంగా ఉందనో, ఆకలి లేదనో వాళ్లు చెప్పేవారు. స్థానికంగా శిక్షణ పొందిన మనిషి అక్కడ ఉన్నాడు కాబట్టే ఆ రోగులు లెక్కలోకి వచ్చారు.

ఇంజినీరింగ్ చదివినవాళ్లకు ఒక విషయం తెలుసు. ఒకచోట క్యాలిబ్రేట్ చేసిన పరికరాన్ని ఇంకోచోటికి తెచ్చి అలాగే వాడితే రీడింగ్ తప్పొస్తుంది. ఇక్కడా అంతే. ఈట్-26 అనే ప్రశ్నావళి, ఆకలేసినా తినకుండా ఉంటారా అని అడుగుతుంది. కార్తీక సోమవారం ఉపవాసం ఉండే ఆవిడో, రంజాన్ ఉపవాసంలో ఉన్న కుర్రాడో దానికి ఏమని జవాబు చెప్పాలి? కేవలం తెలుగులోకి అనువదిస్తే చాలదు. మన దగ్గర పరీక్షించి సరిచూడాలి. దానికి శిక్షణ ఉన్న మనిషి కావాలి.

మనవాళ్లు ఇలాంటి పని చేయలేరని కాదు. పెల్లాగ్రా మొక్కజొన్న తినేవాళ్ల జబ్బని ప్రపంచం అనుకుంటున్న రోజుల్లో, మన దక్కన్‌లో జొన్న తినే పేదల్లోనూ అది వస్తోందని 1960ల్లో పరిశోధించింది హైదరాబాద్‌లోని సంస్థే. 1918లో కూనూరులో మొదలై, 1958లో ఇక్కడికి వచ్చిన నేటి జాతీయ పోషకాహార సంస్థ అది. పుణెలో డాక్టర్ యాజ్ఞిక్, బ్రిటన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ ఇద్దరి ఫొటోనే వేశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కానీ ఒంట్లో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. సన్నగా కనిపించే భారతీయుడికి మధుమేహం ఎందుకొస్తుందన్నది మన నేల మీద పుట్టిన ప్రశ్న.

మరి ఇప్పుడు దారులేమున్నాయి? ఎంబీబీఎస్ విద్యార్థులకు ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్, పీహెచ్‌డీకి జేఆర్‌ఎఫ్, ఆపై ఇండియా అలయన్స్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. మంచివే. కానీ ఇవి అన్ని రంగాలకూ తెరిచిన తలుపులు. ఈ రెండు సమస్యలనూ కలిపి నేర్పడానికి పెట్టినవి కావు. అమెరికాలో ఎన్‌ఐహెచ్ ఇచ్చే టీ32 గ్రాంటు పద్ధతి వేరు. ఒక అంశం చుట్టూ గురువులను, సీట్లను, స్టయిపెండ్‌ను కలిపి విశ్వవిద్యాలయానికే ఇస్తారు. ఈటింగ్ డిజార్డర్స్ పరిశోధనకూ అలాంటి గ్రాంట్లు నడిచాయి.

'పోషకాహార లోపమే తీరలేదు, దీనికి డబ్బెక్కడిది?' అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పరిశోధనపై దేశం పెట్టే ఖర్చు జీడీపీలో 0.64 శాతమే. అయితే నేను అడిగేది కొత్త భవనం కాదు. పోషకాహార సంస్థ, నిమ్హాన్స్, ఎయిమ్స్ కలిసి ఏటా కొద్దిమందికి రెండు మూడేళ్ల ఉమ్మడి శిక్షణ ఇస్తే చాలు. వైద్యులకు ఓపీ నుంచి వారంలో కొన్ని రోజులు పరిశోధనకు వదలాలి. సైకాలజీ, న్యూట్రిషన్, డేటా చదివినవారికీ అందులో సీట్లుండాలి. 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ దీన్ని చేపట్టొచ్చు.

ఆలస్యం చేస్తే ఏమవుతుంది? 2025లో బరువు తగ్గించే కొత్త ఇంజెక్షన్లు మన మార్కెట్లోకి వచ్చేశాయి. వాటిని వాడుతున్నది ఎవరు, అందులో తిండి రుగ్మత ఉన్నవాళ్లెందరు, మానేశాక ఏమవుతోంది? మందు ముందొచ్చింది, అడగాల్సిన మనిషి ఇంకా రాలేదు. ఆర్టికల్ 47 ప్రజల పోషకాహార స్థాయిని పెంచడం రాజ్యం విధి అంటోంది. కొలవడం తెలియకుండా ఆ విధి ఎలా నెరవేరుతుంది?

చివరగా మన మాట. స్టడీ హాల్లో టెన్షన్‌తో రాత్రిళ్లు ఆగకుండా తినేవాళ్లను, ప్రిలిమ్స్ పోయాక రోజుల తరబడి మెస్‌కు రానివాళ్లను మీరూ చూసే ఉంటారు. అందరిదీ జబ్బు కాకపోవచ్చు. కానీ అది మీరే అయితే, దాన్ని బద్ధకమనో, మనోబలం లేకపోవడమనో కొట్టిపారేయకండి. టెలి-మానస్ 14416కి ఫోన్ చేయండి.

ఈసారి జవాబు రాసేటప్పుడు 'అవగాహన పెంచాలి' దగ్గర ఆగకండి. 'పరిశోధకులను తయారు చేయాలి' అని ఇంకో వాక్యం కలపండి, ఎలాగో కూడా రాయండి. రేపు మీరు ఆ ఫైలు మీద సంతకం పెట్టే కుర్చీలో ఉంటే, ఆ వాక్యం గుర్తుంచుకోండి.