పెద్ద చేపను విడిచిపెట్టవలెనా?

చేపల వేట కొందరికి జీవనోపాధి, మరికొందరికి వినోదం. ఈ ఇరువురికీ ఒకే ధర్మం వర్తించదని మా అభిప్రాయం. వల లాగి ఆ పూట బియ్యం కొనుక్కునే మత్స్యకారునికి చెప్పరాని మాటను, సెలవునాడు కుటుంబంతో నావ ఎక్కి గాలం వేసుకునే మనబోటి వారికి చెప్పవచ్చును. ఆ మాట ఇది: గాలానికి పండుగప్ప పడినప్పుడు, పెద్దదానిని తిరిగి ఏటిలో విడిచిపెట్టవలెను. చిన్నదానిని వదలి పెద్దదానిని తెచ్చుకొనుట లోకరీతి గదా, ఇదేమి విడ్డూరమని విద్యార్థి మిత్రులు నవ్వవచ్చును. కాస్త ఓపికతో వినవలెనని మనవి.

పండుగప్ప పేరులో కప్ప ఉన్నదే గాని, ఆ జీవికీ దీనికీ ఎట్టి చుట్టరికమూ లేదు. ఇంగ్లీషువారు సీబాస్ అనునదీ, ఆస్ట్రేలియావారు బారముండి అనునదీ ఈ చేపయే. గోదావరి తీరమున పులసకు ఉన్నంత కీర్తి దీనికి లేదు. పులసకు కీర్తి ఎక్కువ, ముళ్ళూ ఎక్కువే! ఈ రెండింటి నడకలో ఒక తమాషా ఉన్నది. పులస గుడ్లు పెట్టుటకు సముద్రం నుండి ఏటికి ఎదురెక్కును. పండుగప్ప అందుకు విరుద్ధంగా, ఏటిలోను, మడ అడవుల నడుమ ఉప్పుకాలువలలోను పెరిగి, గుడ్లు పెట్టుటకు సముద్ర ముఖానికి దిగును.

అంతకంటె వింతయైన సంగతి మరొకటి. పండుగప్ప మొదట మగచేపగా ఈడేరి, కొన్ని సంవత్సరములు అట్లే బ్రతికి, పిమ్మట ఆడచేపగా మారును. ఈ మార్పు ఆస్ట్రేలియా చేపలలో సాధారణముగా 80 నుండి 100 సెంటీమీటర్ల పొడవు వచ్చునప్పటికి జరుగును. కనుక చిన్నవి చాలా వరకు మగవి. మిక్కిలి పెద్దవి చాలా వరకు తల్లులు. పెద్ద తల్లి లక్షల కొలది గుడ్లు విడుచును. ఎన్నో ఏళ్ళు వలకు, గాలానికి తప్పించుకున్నదే ఆ పరిమాణానికి వచ్చును. అట్టిదానిని కోసి పులుసు పెట్టుకొనుట విత్తనాల గాదెను వండుకు తినుటతో సమానం.

ఇది కేవలం పుస్తక జ్ఞానం కాదు. గత వేసవి సెలవులలో మా మేనమామగారు యానాం దిగువన గౌతమీ పాయలో ఒక చిన్న నావ మాట్లాడి మమ్ములనందరినీ తీసుకొని వెళ్ళినారు. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమున మర పడవలకు సముద్రపు వేట నిషేధం గనుక అవి ఒడ్డున ఉండెను. తెల్లవారక మునుపే బయలుదేరి, పోటు తగ్గి నీరు మళ్ళే వేళకు ఒక మడచెట్ల మలుపున లంగరు వేసినాము. ప్రాణంతో ఉన్న రొయ్యను చావకుండా గాలానికి గుచ్చుట మా చెల్లెలికి మా అందరికంటె ముందు పట్టుబడినది. మొదటి గంటలో మూడేసి కిలోల చేపలు రెండు పడినవి. తరువాత రెండు గంటల పాటు ఎండ తప్ప ఏమీ లేదు.

చివరకు, చూచుటకు మాత్రమే వచ్చి, తమ్ముడు పులిహోర తినుచుండగా వాని దారం పట్టుకున్న అమ్మ చేతికే పెద్దది తగిలినది! రెండు మార్లు నీటి పైకి ఎగిరి, నావ చుట్టూ తిరిగి, పావుగంటకు గాని లొంగలేదు. పొడవు రెండు మూరలకు తక్కువ లేదు. అందరమూ కేకలు వేయుచుండగా, నావ నడుపు పెద్దాయన తెడ్డు ప్రక్కన పెట్టి అన్నాడు: “అమ్మగారూ, ఇది తల్లి చేప. నా వలలో పడితే నేను అమ్ముకుంటాను, అబద్ధమెందుకు? మీ పొయ్యి దీనితోనే వెలగాలా?”

అమ్మ వదలమన్నది. మొప్ప కప్పు అంచు కత్తివలె కోయును గనుక పెద్దాయనే చేతులు తడిపి, గాలం తీసి, చేపను ప్రవాహానికి ఎదురుగా పట్టుకున్నాడు. కొంతసేపటికి అది తోక విదిల్చి పోయినది. తమ్ముడు సాయంత్రం వరకు ఎవ్వరితోను మాట్లాడలేదు.

మనం వదలినది రేపు మరొకరి వలలో పడును గదా అని కొందరు అందురు. పడవచ్చును. పడితే ఒక మత్స్యకారుని ఇంట ఆ వారం గడచును. అది మన వినోదం కంటె మేలే. చెరువులలో పెంచుచుండగా ఏటి చేపకై చింత ఎందుకని మరికొందరు అందురు. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలచర పెంపక పరిశోధన సంస్థవారు 1997లో ఈ చేపచే కట్టడిలో గుడ్లు పెట్టించి పిల్లలను తీసిన మాట నిజమే. అది గొప్ప విజయమే. కాని చెరువు చేప చెరువు యజమానిది. ఏటి చేప, పెట్టుబడి లేని వానిది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ రాష్ట్రమున 58 సెంటీమీటర్లకు తక్కువైనను, 120 సెంటీమీటర్లకు ఎక్కువైనను బారముండిని ఏటి నుండి ఇంటికి తీసుకొనిపోరాదని చట్టం. పసిపిల్లలను కాపాడు నియమం ఎవరికైనను తోచును. తల్లులను కూడ కాపాడవలెనని తోచుటయే విశేషం. మన ఏటిలో సెలవు వేటగాని చేప కొలుచువారు ఎవ్వరూ మాకు కనబడలేదు. కనుక మన కొలత మనమే పెట్టుకొనవలెను. 80 సెంటీమీటర్లు మా ఇంటి కొలత.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. విహారయాత్ర అనగానే కోటలు, ఆనకట్టలు చూపుట ఆనవాయితీ. వచ్చే సంవత్సరం జంతుశాస్త్ర విద్యార్థులనైనను ఒక దినం ఉప్పుటేటి నావ ఎక్కించి, ప్రతి నావలో 80 వద్ద ఎర్రగీత గీసిన కొలకర్ర ఒకటి ఉంచవలెను. నావ నడుపువారికి న్యాయమైన కూలితో పాటు, విడిచిన ప్రతి చేపకు కొంత పైకం ముట్టజెప్పిన బాగుండును. ఆ రోజు పాఠం చెప్పునది వారే గదా.