కుట్ర నవలలు చదవనివ్వండి

దాదర్‌లో మన తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ఈ మధ్య ఒకటే మాట. పిల్లలు రాజుల కుట్రల నవలలు పట్టుకుని చరిత్ర పాడు చేసుకుంటున్నారట. విషం ఎవరు పెట్టారు, ఉత్తరం ఎవరు దిద్దారు, అసలు వారసుడు ఎవరు, ఇవన్నీ చెత్త అని పెద్దలు తేల్చేశారు. మేము ఒప్పుకోం. మా ఇంట్లో మూడు తరాలుగా ఈ చెత్త చదువుతున్నాం, ఇకముందూ చదువుతాం.

అసలు పెద్దలనే ఒక మాట అడుగుతాం. తిమ్మరుసు కళ్లు తీయించిన కథ మీకెట్లా తెలుసు? 1962లో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’ చూసే కదా! గుమ్మడి మొహం గుర్తొస్తే ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటారు. ఆ సినిమాలో మంత్రి నిర్దోషి. కృష్ణదేవరాయలు పోయిన కొన్నేళ్లకు రాసిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ మాత్రం, తన కొడుకుకి విషం పెట్టింది మంత్రి కొడుకేనని రాయలు విన్నాడనీ, కోపంతో తండ్రీకొడుకులను ఖైదు చేయించాడనీ రాశాడు. ఆయన రాసింది నిజం కావొచ్చు, బజారు మాటా కావొచ్చు. మీరు చరిత్ర అనుకుని ఏడ్చింది కూడా ఒక కుట్ర కథకే.

పక్కింటి మరాఠీవాళ్లదీ ఇదే వరస. 1773 ఆగస్టు 30న పుణె శనివార్ వాడాలో గార్దీ సిపాయిలు పేష్వా నారాయణరావుని చంపేశారు. బాబాయి రఘునాథరావు ‘ధరావే’, అంటే పట్టుకోండి, అని రాసిస్తే ఆయన భార్య ఆనందీబాయి ‘ధ’ని ‘మా’ చేసిందని కథ. ‘మారావే’ అయింది, చంపండి అని. ఒక్క అక్షరం! ఇంతకంటే గట్టి థ్రిల్లర్ ఎవరు కట్టగలరు? రామశాస్త్రి ప్రభుణే విచారించి తప్పు రఘునాథరావుదని తేల్చాడు. జనం నోట మాత్రం ఈనాటికీ ఆనందీబాయే. మొగుడి నేరంలో సగం పెళ్లాం నెత్తికెక్కింది. “ఆ ఉత్తరం ఎవరు చూశారు?” అని మమ్మల్ని మొదట అడిగింది మా ఇంట్లో ఈ నవలలు మింగేసే పిల్లే. పాఠ్యపుస్తకం బట్టీపట్టినవాళ్లెవరూ అడగలేదు.

ఇంగ్లండులో జోసఫిన్ టే 1951లో రాసిన ‘ది డాటర్ ఆఫ్ టైమ్’ అనే డిటెక్టివ్ నవల ఉంది. ఆసుపత్రి మంచం మీద పడుకున్న పోలీసు ఇన్‌స్పెక్టర్, అన్న కొడుకులను చంపించాడని పేరుపడ్డ రాజు మూడో రిచర్డ్ కేసుని మళ్లీ తిరగదోడతాడు. ఆ తీర్పు అందరూ ఒప్పుకోరు. అయితేనేం, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఎవరి కొలువులో ఉండి రాశారు అని అడగడం ఆ పుస్తకం ఎంతమందికో నేర్పింది.

ప్రమాదం లేదని మేము అనడం లేదు. కట్టుకథ తీర్పుని బజారుకి మోసుకొస్తే ఏమవుతుందో మనకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? తెలుగు నేల నుంచి వచ్చి రాళ్లు మోసి ఈ ఊరిని కట్టిన కామాఠీల పేరే కామాఠిపురాకి పెట్టారు. ఇప్పుడు ఆ పేరు చెబితే ఊరికి గుర్తొచ్చేది ఒకటే కథ. 2022లో ‘గంగూబాయి కాఠియావాడీ’ వచ్చినప్పుడు ఆ పేరు వాడకం మీద అభ్యంతరాలు కోర్టు దాకా వెళ్లాయి. “కామాఠిపురాలోనా ఉండేది?” అని అడుగుతూ నవ్వే నవ్వు అక్కడి చాళ్లలో పుట్టిపెరిగిన తెలుగువాళ్లకి బాగా తెలుసు. ఆనందీబాయికి జరిగింది కూడా అదే.

అయితే ఆ నవ్వు నవ్వేవాళ్లు పుస్తకాలు ఎక్కువ చదివి చెడిపోయినవాళ్లు కారు. ఒక్క కథ విని అక్కడే ఆగిపోయినవాళ్లు. పిల్ల చేతిలోంచి నవల లాక్కుంటే మనం తయారుచేసేది అలాంటివాళ్లనే. లాక్కోకండి, పక్కన ఇంకో పుస్తకం పెట్టండి. తిమ్మరుసు దోషి అనేదొకటి, కాదనేదొకటి.

ఇంకో లాభం ఉంది, చెప్పకపోతే ఎట్లా. మన పిల్లలకి మరాఠీ, ఇంగ్లీషు గడగడా వస్తాయి, తెలుగు అక్షరం చూస్తే మాత్రం మొహం తిప్పుకుంటారు. మా అమ్మమ్మ తిమ్మరుసు కథ చదివి వినిపిస్తూ సరిగ్గా విషం దగ్గర పుస్తకం మూసేస్తుంది. “మిగతాది నువ్వే చదువుకో బిడ్డా” అంటుంది. మా చిన్నది తిట్టుకుంటూనే గుణింతాలు కూడబలుక్కుంటోంది, వత్తుల దగ్గర ఇంకా తడబడుతోంది.