ఆ 'తెల్ల దేశం' ఎవరి నేల?

2004 సెప్టెంబరు 8న అమెరికాలోని ఇడాహో రాష్ట్రంలో, హేడెన్ అనే ఊళ్లో ఒక ముసలాయన నిద్రలోనే చనిపోయాడు. పేరు రిచర్డ్ బట్లర్. వయసు 86. 'ఆర్యన్ నేషన్స్' అనే తెల్లజాతి ఆధిపత్య ముఠాకు పెద్ద. అలాంటివాణ్ణి పిచ్చివాడని కొట్టిపారేసేవాళ్లున్నారు. మేం ఒప్పుకోం. ఇరవై ఎకరాల స్థావరం, ఒక చర్చి, తుపాకులు పట్టిన కాపలా మనుషులు ఒక్క పిచ్చివాడి వల్ల సమకూరుతాయా?

బట్లర్ చదువుకున్నవాడు, విమానాల ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో విమానాల పని మీద మన బెంగళూరులోనూ ఉన్నాడు. ఇక్కడి కులవ్యవస్థ అతనికి తెగ నచ్చింది. మన దేశం నుంచి ఎందరో ఎన్నో మోసుకుపోయారు. ఇతను మనిషిని పుట్టుకతో తూచే తక్కెడ పట్టుకుపోయాడు.

1970లలో కాలిఫోర్నియా వదిలి ఇడాహో అడవుల్లో మకాం పెట్టాడు. యూదులు సైతాను సంతానమనీ, నల్లవాళ్లు తక్కువ పుట్టుకవాళ్లనీ బైబిలు చేతపట్టి బోధించాడు. వాయవ్యంలోని ఐదు రాష్ట్రాలను తెల్లవాళ్లకే దేశంగా చేయాలన్నాడు.

మరి ఆ నేల ఎవరిది? ఆ సరస్సు చుట్టూ తరతరాలుగా బతికింది కోర్ డలీన్ తెగ. వాళ్లు తమను తాము పిలుచుకునే పేరుకు 'ఇక్కడే కనిపించినవాళ్లు' అని అర్థం. పేరులోనే పట్టా ఉంది. అయినా ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రభుత్వం వాళ్ల రిజర్వేషన్‌ను ముక్కలు చేసి, మిగులు భూమి పేరుతో బయటివాళ్లకు తెరిచింది. అప్పటికి బట్లర్ పుట్టనేలేదు. చట్టం నెమ్మదిగా చేసిన పనినే అతను తర్వాత గొంతు చించుకుని సమర్థించాడు.

అతని మాటలు ప్రాణాలు తీశాయి. అతని చుట్టూ తిరిగినవాళ్లతో 1983లో 'ది ఆర్డర్' అనే ముఠా పుట్టింది. 1984లో అది డెన్వర్‌లో అలన్ బెర్గ్ అనే యూదు రేడియో వ్యాఖ్యాతను కాల్చి చంపింది. 1986లో, ఈ ముఠాలను ఎదిరించిన ఫాదర్ బిల్ వాస్మత్ ఇంటి మీద బాంబు పడింది. 1988లో బట్లర్ మీద నడిచిన దేశద్రోహం కేసు కొట్టుకుపోయింది. తుపాకి పట్టినవాడు జైలుకు, మంత్రం చెప్పినవాడు ఇంటికి.

చివరికి అతణ్ణి కూల్చింది ఒక మూలవాసి మహిళ, ఆమె కొడుకు. 1998 జులైలో వాళ్ల కారు ఆ స్థావరం దగ్గర టప్‌మని పేలితే, తుపాకి మోత అనుకున్నామంటూ కాపలావాళ్లు వెంటాడి కాల్చారు, కొట్టారు. ఆ తల్లీకొడుకులు కోర్టుకెక్కారు. 2000 సెప్టెంబరులో జ్యూరీ 63 లక్షల డాలర్ల తీర్పిచ్చింది. బట్లర్ దివాలా తీశాడు. స్థావరం వాళ్ల చేతికొచ్చింది. తర్వాత ఒక దాత దాన్ని కొని, 2001లో కట్టడాలన్నీ నేలమట్టం చేయించి, స్థలాన్ని కాలేజీకి ఇచ్చేశాడు. ఆ ఏడాది జూన్‌లోనే, కోర్ డలీన్ సరస్సులో దక్షిణపు మూడో వంతు అడుగు నేల ఆ తెగదేనని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. చావు అతణ్ణి తీసుకెళ్లేసరికి అతని రాజ్యం ఎప్పుడో పోయింది.

ఈ కథ చెబితే కొందరు మమ్మల్ని ఎదురడుగుతారు: "మీరూ 1/70 చట్టం అంటారు, ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు వద్దంటారు. మీకూ బట్లర్‌కూ తేడా ఏముంది?"

చాలా ఉంది. అతను పోగొట్టుకున్నది ఏమీ లేదు, ఇంకొకరిది కావాలన్నాడు. మేం పోయింది పోగా మిగిలింది నిలవాలంటున్నాం. అతను రక్తం గొప్పదన్నాడు. మేం మా రక్తం గొప్పదని ఎన్నడూ అనలేదు, మా దున్నకం మాది అన్నాం. అతను పక్కవాడు మనిషే కాదన్నాడు. మేం మమ్మల్నీ మనుషులుగా చూడమంటున్నాం.

అయితే ఈ తేడా దానంతటదే నిలవదు, మనమే కాపాడుకోవాలి. తెగకూ తెగకూ మధ్య చిచ్చు రేగినప్పుడు, మనవాళ్ల నోటా "వాళ్ల పుట్టుకే అంత" అన్న మాట వింటున్నాం. యువకులారా, ఆ మాట దగ్గరే ఆగండి. అది మన మాట కాదు, మనల్ని తొక్కినవాళ్ల మాట. హక్కు కోసం కొట్లాడండి, కాగితం పట్టుకుని కోర్టుకెళ్లండి, పుట్టుకను మాత్రం తిట్టకండి.

తోటి టీచర్లకు ఒక్క మనవి. పాఠంలో 'ఆర్యులు' అని వస్తే అది భాషల కుటుంబానికి పెట్టిన పేరని, రక్తానికి పెట్టినది కాదని పిల్లలకు చెప్పండి. ఆ ఒక్క మాట అబద్ధంగా నేర్చుకున్నవాడు ఏం చేశాడో కూడా చెప్పండి.