కొలొనోస్కోపీలో ఆరు నిమిషాల ప్రమాణం: పాలిప్‌ల గుర్తింపునకు గడియారం ఒక్కటే చాలదు

పెద్దపేగు క్యాన్సర్లలో అధికభాగం అడినోమా అనే పాలిప్‌ల నుంచి అనేక సంవత్సరాల కాలంలో రూపొందుతాయి. కొలొనోస్కోపీలో వాటిని గుర్తించి తొలగించినచో వ్యాధిని ముందుగానే నివారించవచ్చును. వైద్యుని దృష్టికి అందని పాలిప్ మాత్రం, లోపమేమీ లేదన్న నివేదికతోపాటే రోగి వెంట ఇంటికి చేరుతుంది. పరీక్షా సమయంపై చర్చకు మూలం ఇదే.

ఇక్కడ లెక్కించేది మొత్తం పరీక్షా వ్యవధి కాదు. గొట్టాన్ని పెద్దపేగు ఆరంభ భాగం వరకు చేర్చిన అనంతరం, వెనుకకు తీసుకువస్తూ పేగు గోడలను పరిశీలించే సమయమే ప్రమాణం. పాలిప్‌ల తొలగింపునకు పట్టే నిమిషాలను ఇందులో కలపరు.

అమెరికాలోని రాక్‌ఫర్డ్ పట్టణంలో 12 మంది వైద్యుల పరీక్షలపై జరిగిన అధ్యయనం 2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడింది. పాలిప్‌లు తొలగించని పరీక్షలలో వైద్యుల సగటు సమయం 3.1 నుంచి 16.8 నిమిషాల వరకు ఉన్నట్లు తేలింది. సగటున 6 నిమిషాలు, ఆపైన వెచ్చించినవారు 28.3 శాతం మందిలో అడినోమా తరహా కణితులను గుర్తించగా, అంతకన్న తక్కువ వెచ్చించినవారు 11.8 శాతం మందిలోనే గుర్తించారు. ఒకే బృందంలోని వైద్యుల మధ్య ఇంతటి అంతరం ఉండుట గమనార్హం.

అయితే నిమిషాలను ఆదేశించినంత మాత్రాన ఫలితం రాలేదు. బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి కనీసం 7 నిమిషాలు తప్పనిసరి చేయగా నిబంధన పాటింపు దాదాపు 100 శాతానికి చేరింది గాని, పాలిప్‌ల గుర్తింపు పెరగలేదని 2008లో ప్రచురితమైన అధ్యయనం వెల్లడించింది. కారణాన్ని ఊహించుట కష్టం కాదు. మడతల వెనుక చూడడం, నిలిచిన ద్రవాన్ని తీసివేయడం, పేగును చక్కగా విప్పార్చడం వంటి పనులకు వినియోగపడని సమయం వృథాయే. రోగి పేగు ముందుగా శుభ్రపడి ఉండకపోతే ఎంత సేపు చూసినా ప్రయోజనం స్వల్పం.

అందుచేత అడినోమా గుర్తింపు శాతమే ముఖ్య కొలమానమైంది. ఆ శాతం 20కి తక్కువగా ఉన్న వైద్యుల వద్ద పరీక్ష చేయించుకున్నవారిలో తరువాతి కాలంలో క్యాన్సర్ బయటపడే ముప్పు ఎక్కువని 2010లో పోలండ్ అధ్యయనం తెలిపింది. గుర్తింపు శాతం ఒక్కొక్కటి పెరిగినకొద్దీ ఆ ముప్పు 3 శాతం వంతున తగ్గినట్లు 2014లో కాలిఫోర్నియా అధ్యయనం పేర్కొన్నది.

కాలపరిమితి ప్రాధాన్యం దీనితో తొలగిపోలేదు. అమెరికా వైద్య సంఘాలు 2024లో సగటు సమయాన్ని 8 నిమిషాలకు, గుర్తింపు లక్ష్యాన్ని 35 శాతానికి పెంచాయి. సమయాన్ని రిజిస్టరులో వ్రాయుట తేలిక. అడినోమా శాతం తేలవలెనంటే ప్రతి పరీక్షనూ ప్రయోగశాల నివేదికతో జతచేయవలసి ఉంటుంది; పరీక్షల సంఖ్య తక్కువగా ఉన్న కేంద్రాలలో ఆ శాతం ఏటేటా ఒడుదొడుకులకు లోనుకాక తప్పదు.