బస్సు దిగిన తర్వాతి కథ

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో తాళాలు పడ్డ ఇళ్ళ గురించి మన కథకులు చాలానే రాశారు. అదునుకు రాని వాన, నేలలోనే మాడిన చెనిక్కాయ, ఎండిన బోరు, తీరని అప్పు, ఆఖరికి బెంగుళూరు బస్సు. సీమ కథకు బాగా అలవాటైన దారి ఇది. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్పనుకునే జిల్లాలో సింగమనేని నారాయణ తన కథాసంపుటికి ‘జూదం’ అని పేరు పెట్టుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. కానీ మన కథ చాలాసార్లు బస్టాండులోనే ఆగిపోతోంది. బస్సెక్కినవాళ్ళు అక్కడ దిగి ఎలా నిలదొక్కుకున్నారో రాసినవాళ్ళు తక్కువ.

దిగేది బెంగుళూరు మెజెస్టిక్ బస్టాండులో. చేతిలో రాగిపిండి సంచి, చంకలో పిల్ల. అద్దె ఇంటికి నెలల బాడుగ ముందే అడ్వాన్సుగా కట్టాలి కాబట్టి, కాపురం కడుతున్న భవనం పక్కన రేకుల షెడ్డులో మొదలవుతుంది. పగలు ఆలుమగలిద్దరిదీ బేల్దారి పని. రాత్రి అతనిది కాపలా. ఏ రెండు గంటలకో నీళ్ళ ట్యాంకరు వస్తే లేచి సంపు మూత తీయాల్సింది అతనే. చుక్క నీళ్ళు లేక ఊరు విడిచినవాడు పరాయివాళ్ళ నీళ్ళకు కావలి! భవనంలో గృహప్రవేశం అయ్యేనాటికి షెడ్డు విప్పేస్తారు. మళ్ళీ ఇంకో పునాది పక్కన పొయ్యిరాళ్ళు పెట్టుకోవాలి.

ఇలా బతికేవాణ్ణి శరణార్థి అనడానికీ లేదు. 1951 జెనీవా ఒప్పందం లెక్కలో శరణార్థి అంటే పీడనకు భయపడి దేశం దాటినవాడు. కరువుకు భయపడి రాష్ట్రం దాటినవాడి ఊసు అందులో లేదు. సొంత దేశంలోనే ఉన్నాడు గదా, ఇక దిగులేమిటి? ఉంది. ‘ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు’ పథకం కింద ఎక్కడైనా బియ్యం తీసుకోవచ్చు గానీ, కార్డు జాతీయ ఆహార భద్రతా చట్టం పరిధిలోది అయితేనే. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు కావాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు రుజువు చూపాలి. ఈరోజు ఒక మేస్త్రీ దగ్గర, రేపు మరొకరి దగ్గర పనిచేసేవాడికి ఆ రుజువు సంపాదించడమే మరో కూలిపని. టీసీ రాలేదని పిల్లను బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ ముక్క షెడ్డులో తల్లికి చెప్పేదెవరు?

పరాయివాణ్ణి కలుపుకోవడం వాళ్ళు వదిలివచ్చిన నేలకు కొత్త కాదు. బార్సిలోనాలో పుట్టి, మహారాష్ట్రలో పనిచేసి, 1968లో దేశం విడిచి పొమ్మనిపించుకున్న విన్సెంట్ ఫెర్రర్, మరుసటి ఏడాది తిరిగొచ్చి స్థిరపడింది అనంతపురంలోనే. ఆయన మొదలుపెట్టిన సేవాసంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఆసుపత్రి కళ్యాణదుర్గంలో ఉంది. అంత దూరంనుంచి వచ్చినవాడికి చోటిచ్చిన జిల్లా మనుషులకు, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే ఊళ్ళో చోటు కుదరడం లేదు.

ఆ షెడ్లలో పెరిగిన పిల్లలు ఇప్పుడు కన్నడంలో చదువుకుని, ఇంట్లో తెలుగు మాట్లాడుతున్నారు. వాళ్ళను ఈ పత్రిక అడుగుతున్నది ఒక్కటే. మీ కథ మీరే రాసి పంపండి. తెలుగు రాయడం రాకపోతే చెప్పి రాయించండి. కన్నడ మాటలు దొర్లినా దిద్దకుండా అచ్చువేస్తాం.