అయిదేళ్ళ సీసాలో వెయ్యేళ్ళ పొగ

విస్కీ విషయంలో లోకానికి వయస్సంటే మహా గౌరవం. పన్నెండేళ్ళదంటే కుర్చీ వేస్తారు. పదహారేళ్ళదంటే లేచి నిలబడతారు. అయిదేళ్ళదంటే మాత్రం "కుర్రకుంక, దీనికేం తెలుసు?" అన్నట్టు చూస్తారు. ఆ కుర్రకుంక తరఫున ఈ వారం నాలుగు మాటలు చెప్పాలని వుంది. ఇంట్లో పెద్దలు కంగారు పడనక్కరలేదు. తాగమని ఎవరికీ సిఫారసు చేయటం లేదు. కథ వినటానికి చెవులు చాలు గదా!

స్కాట్లండుకు పడమట సముద్రంలో ఒక దీవి వుంది. ఇస్లే అని రాస్తారు, అయిలా అని పలుకుతారు. చెట్లు తక్కువ, గాలీ వానా ఎక్కువ. వంటచెరకు కరువైన ఆ దీవికి ప్రకృతి ఇచ్చిన ఇంధనం పీట్. నాచూ గడ్డీ చిత్తడి నేలలో పడి, గాలి సోకక, పూర్తిగా కుళ్ళక, పొరలు పొరలుగా పేరుకున్న నల్లమట్టి అది. ఇటుకల్లా కోసి ఎండబెట్టి, మనవాళ్ళు పిడకలు వాడినట్టే పొయ్యిలో వేసేవారు.

విస్కీకి బార్లీ గింజల్ని నానబెట్టి, మొలకెత్తించి, ఆ మొలక మరీ సాగకుండా వేడిమీద ఆరబెట్టాలి. రైలూ బొగ్గూ అందిన ప్రాంతాలవారు క్రమంగా పీట్‌ను వదిలేశారు. దీవివారికి మాత్రం అదే మంట. దాలిలో కాగిన పాలకు పట్టినట్టు తడిగింజకు ఆ పొగ పట్టింది. లేమి పుట్టించిన వాసనను ఇవాళ కలవారు కోరి కొనుక్కుంటున్నారు!

2020లో ఆ దీవిలోని ఆర్డ్‌బెగ్ వారు 'వీ బీస్టీ' అనే అయిదేళ్ళ సింగిల్ మాల్టును విడుదల చేశారు. బుల్లి మృగం అని అర్థం. మొలకెత్తిన బార్లీతో, ఒకే బట్టీలో దిగితే సింగిల్ మాల్ట్. ఓక్ పీపాలో కనీసం మూడేళ్ళు నిలవుంటేనే చట్టప్రకారం స్కాచ్. ఇందులో ఆల్కహాలు 47.4 శాతం.

మిత్రులొకరు తెచ్చిన సీసాలోంచి చెంచాడు రుచి చూశాను. రంగు ఎండుగడ్డి. ముక్కు దగ్గరకు తేగానే ఎదురయ్యేది ఆసుపత్రి! టింక్చరు అయొడిన్, తారు, ఆరిన పొయ్యిలోని బూడిద. ఇది వట్టి ఊహ కాదు. పీట్ పొగలోని ఫీనాల్ అంటే సాక్షాత్తూ కార్బాలిక్ ఆమ్లమే. 1865లో గ్లాస్గోలో లిస్టర్ అనే వైద్యుడు గాయాలు చీము పట్టకుండా వాడింది దాన్నే. ఆర్డ్‌బెగ్ మాల్టులో పదిలక్షల పాళ్ళకు సుమారు 55 పాళ్ళు ఈ జాతి పదార్థాలుంటాయి.

నాలుకమీద ముందు మిరియపు ఘాటు, వెనుకనే తీపి, ఆపైన చాలాసేపు గొంతులో పొగ. నాలుగు చుక్కల నీళ్ళు కలిపితే ఘాటు లొంగి, పచ్చి బేరిపండు వాసన బయటపడుతుంది.

పెద్ద వయసు విస్కీలో ఇంత సూటిదనం వుండదు. ఏళ్ళు గడిచేకొద్దీ పొగ పలచబడుతుంది. పీపా చెక్క తన వెనిల్లా వాసననూ నునుపునూ అద్దుతుంది. పట్నంలో చదువుకున్నవాడి మాటలో ఊరి యాస అరిగిపోయినట్టన్నమాట. కుర్ర విస్కీ ఇంకా పుట్టినూరి యాసలోనే మాట్లాడుతుంది. దాని అందమూ అదే, మొరటుతనమూ అదే.

అయితే సీసామీది అయిదు అంకె పీపా లెక్క మాత్రమే, పొగ లెక్క కాదు. పీట్ ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు పేరుకుంటుంది. మీటరు లోతు తవ్వితే వెయ్యేళ్ళు తవ్వినట్టే! తడిగా వున్నంతకాలం అది బొగ్గుపులుసు వాయువు గాలిలో కలవకుండా కర్బనాన్ని తనలో బంధించి వుంచుతుంది కూడా. అందుకే స్కాట్లండులో ఎండిపోయిన చిత్తడి నేలల్ని మళ్ళీ తడిపే పని సాగుతోంది.

కుర్రవాడి వయసు అడిగేవారు సరే, వాడు ఖర్చుపెడుతున్న తాతల ఆస్తి ఎంతో కూడా అడగవద్దూ?